గర్భంతో ఉన్నప్పుడు గాబరా, మనసు మళ్లించుకునే మార్గాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

మనసు మళ్లించుకుంటే గాబరా నిజంగా తగ్గుతుందా, కాసేపు మరిచిపోవడమేనా?

తగ్గుతుంది. అయితే ఎంత తగ్గుతుందన్నది మీరు పెట్టుకున్న వ్యాపకాన్ని బట్టి ఉంటుంది. మనసులో ఒకేసారి పట్టే సంగతులకు ఒక హద్దు ఉంది. గర్భిణుల భయం తరచుగా బొమ్మకట్టి వస్తుంది: స్కాన్ తెర చూస్తున్న డాక్టరు ముఖం మారినట్టు, కాన్పు గదిలో అందరూ హడావుడి పడుతున్నట్టు. ఆ బొమ్మ కళ్ల ముందు నిలవాలంటే మనసులో కొంత జాగా కావాలి. ఆకారాలు, రంగులు సరిచూసుకుంటూ చేసే పని ఏదైనా అదే జాగాను వాడుకుంటుంది కాబట్టి భయపెట్టే బొమ్మ మసకబారుతుంది.

2017లో వెలువడిన ఒక చిన్న అధ్యయనంలో, అత్యవసర సిజేరియన్ జరిగిన తల్లుల చేత మొదటి 6 గంటల్లోపే 15 నిమిషాల పాటు టెట్రిస్ అనే వీడియో ఆట ఆడించారు. ఆడనివారితో పోలిస్తే వాళ్లకు ఆ తర్వాతి వారంలో కాన్పు తాలూకు కలవరపెట్టే జ్ఞాపకాలు తక్కువసార్లు వచ్చాయి. ఆటలో మహత్తు ఏమీ లేదు. పడుతున్న దిమ్మెలను తిప్పి సర్దడానికి చూపూ ఊహా రెండూ కావాలి, కీలకం అదే.

"దాని గురించి ఆలోచించకు" అని ఎంత చెప్పుకున్నా అదే ఎందుకు గుర్తొస్తుంది?

ఆలోచించకూడని విషయం మనసులోకి వచ్చిందా లేదా అని కాపలా కాయాలంటే ఆ విషయాన్ని గుర్తుపెట్టుకోక తప్పదు. 1987లో డేనియల్ వెగ్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త తెల్ల ఎలుగుబంటిని తలుచుకోవద్దని కొందరికి చెప్పి చూశాడు. వాళ్లు ఆపుకోలేకపోయారు సరికదా, ఆ తర్వాత తలుచుకోవచ్చని చెప్పినప్పుడు మామూలు కంటే ఎక్కువగా తలుచుకున్నారు. అందుకే ఆలోచనను గెంటేయాలని చూడకండి. అది అక్కడే ఉండనిచ్చి, చేతికీ కంటికీ వేరే పని అప్పగించండి.

ఎప్పుడు మనసు మళ్లించుకోకూడదు?

మిగతా పేజీ చదివినా చదవకపోయినా ఇది చదవండి. కింది వాటిలో ఏది కనిపించినా వ్యాపకం పక్కన పెట్టి వెంటనే ఆసుపత్రికి ఫోన్ చేయాలి, లేదా వెళ్లాలి:

- రక్తస్రావం, ఉమ్మనీరు కారడం
- బిడ్డ కదలికలు తగ్గడం, ఆగడం, లేదా రోజూ ఉండే తీరు మారడం
- తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారడం, కళ్ల ముందు మెరుపులు, పక్కటెముకల కింద నొప్పి, ముఖం చేతులు ఉన్నట్టుండి వాయడం
- జ్వరం, ఆగని కడుపునొప్పి, నెలలు నిండకముందే ఒక క్రమంలో వచ్చే నొప్పులు
- ఛాతీ నొప్పి, ఉన్నట్టుండి ఊపిరి అందకపోవడం, స్పృహ తప్పడం, ఒక కాలు మాత్రమే వాచి నొప్పి పెట్టడం

"నాది ఊరికే కంగారేమో" అని సందేహించి ఆగిపోవద్దు. కదలికలు తగ్గాయనిపిస్తే తెల్లవారేదాకా కూడా ఆగకూడదు. చూపించుకున్నాక అంతా బాగానే ఉందన్నారా, మంచిదే. ఆ తర్వాత కూడా మిగిలే గాబరా ఉంటుంది చూడండి, ఈ పేజీలోని ఉపాయాలు దాని కోసం.

గుండె దడ, ఆయాసం గాబరా వల్లా, గర్భం వల్లా?

చాలాసార్లు రెండూ కలిసే ఉంటాయి. గర్భంలో రక్త పరిమాణం 40 నుంచి 50 శాతం దాకా పెరుగుతుంది. గుండె నిమిషానికి 10 నుంచి 20 సార్లు ఎక్కువగా కొట్టుకుంటుంది. ప్రొజెస్టెరాన్ అనే హార్మోన్ ప్రభావంతో ఊపిరి కూడా లోతుగా సాగుతుంది. కాబట్టి ఊరికే కూర్చున్నా గుండె చప్పుడు తెలుస్తుంది, నాలుగు మెట్లెక్కితే ఆయాసం వస్తుంది. ఒంట్లో కలిగే ఈ మార్పును మనసు ప్రమాదమని అనుకోవడంతో గాబరా మొదలై, దానివల్ల దడ ఇంకా పెరుగుతుంది.

దడ రోజూ వస్తుంటే రక్తహీనతకూ థైరాయిడ్‌కూ పరీక్ష చేయించుకోవాలి. ఈ రెండూ అచ్చం గాబరాలాగే కనిపిస్తాయి, వీటికి మనసు మళ్లించుకోవడం మందు కాదు. కాఫీ, టీల లెక్క కూడా చూసుకోండి. రోజుకు 200 మిల్లీగ్రాముల కెఫీన్ మించకూడదన్నది ప్రసూతి నిపుణుల సాధారణ సలహా. నెలలు నిండే కొద్దీ శరీరం కెఫీన్‌ను వదిలించుకోవడానికి మామూలు కంటే రెండు మూడింతల సమయం తీసుకుంటుంది. పూర్వం ఏమీ చేయని సాయంత్రపు కాఫీ ఇప్పుడు అర్ధరాత్రి దాకా నిద్ర పట్టనివ్వకపోవడానికి కారణం అదే.

ఎలాంటి వ్యాపకం పనిచేస్తుంది?

మూడు గుణాలు చూడండి. చేతులకు పని ఉండాలి. తర్వాతి అడుగు ఏమిటో మీరు నిర్ణయించాల్సి రావాలి. ఎంత పూర్తయిందో కంటికి కనిపించాలి. ఈ మూడూ ఉంటే మామూలు పనులు కూడా బాగా పనికొస్తాయి. అరలో చిందరవందరగా పడిన బొత్తాలను రంగుల వారీగా వేరుచేయడం, ఫోన్‌లోని పాత ఫొటోలను ఏడాది వారీగా సర్దడం, చిన్న మొక్క కుండీ మార్చడం, అల్లిక, గళ్లనుడి, సుడోకు, ముక్కలు కలిపి బొమ్మ కూర్చడం ఇలాంటివే.

కష్టం ఎంత ఉండాలన్నది అసలు కిటుకు. మరీ తేలికైతే చేతులు పని చేస్తుంటాయి, మనసు పాత దారినే పోతుంది. మరీ కష్టమైతే విసుగొచ్చి, "ఇది కూడా నాకు చేతకావడం లేదు" అన్న కొత్త దిగులు పుడుతుంది. పది నిమిషాలు చేశాక ఎంత సమయం గడిచిందో చప్పున చెప్పలేకపోతే ఆ పని మీకు సరిపోయినట్టే. రెండు నిమిషాలకోసారి గడియారం వైపు చూస్తుంటే మార్చండి. బొమ్మ ముక్కలైతే 100 నుంచి 300 దాకా ఉన్నవి ఒకటి రెండుసార్లు కూర్చుంటే పూర్తవుతాయి. వెయ్యి ముక్కలది మొదలుపెడితే చాలామంది సగంలో వదిలేస్తారు. సగంలో ఆగిన పని కళ్లెదుట పడి ఉంటే అదీ ఒక బరువే.

గాబరా ఎంత ఉందో బట్టి కూడా పని మారాలి. మనసులో సున్నా నుంచి 10 దాకా ఒక కొలత పెట్టుకోండి. 3 లేదా 4 ఉన్నప్పుడు పుస్తకం చదవగలరు, కథ వినగలరు. 5, 6 దగ్గర చదివిన వాక్యమే మళ్లీ మళ్లీ చదువుతుంటారు, అప్పుడు చేతిపని కావాలి. 8కి చేరితే ఏ ఆటా పనిచేయదు. ముందు ఒంటిని నెమ్మదింపజేయాలి, దాని సంగతి కింద చెప్పాం. పుస్తకం తెరిచి ఒక్క ముక్కా ఎక్కక "నాకు ఇవేవీ పనిచేయవు" అని తేల్చేసుకునేవారు చాలామంది. లోపం వాళ్లది కాదు, గాబరా 8 ఉన్నప్పుడు 3కి సరిపోయే పనిని వాడారు, అంతే.

ఈ జాబితా గాబరా వచ్చాక ఆలోచించి రాసేది కాదు. ప్రశాంతంగా ఉన్నప్పుడే ఒక కాగితం మీద ఐదారు పనులు రాసి, కావలసిన సరంజామా ఒక డబ్బాలో పెట్టుకోండి. కంగారులో ఉన్న మనిషి సూదీ దారం వెతుక్కుంటూ కూర్చోలేదు.

వేవిళ్లతో తల ఎత్తలేకపోతున్నాను. ఇవన్నీ ఎలా చేయను?

చేయకండి. వికారం ఉన్నప్పుడు కదిలే తెర, చిన్న అక్షరాలు దాన్ని ఇంకా పెంచవచ్చు. కళ్లు మూసుకుని వినేవి మేలు: కథలు, నాటికలు, నింపాదిగా సాగే సంభాషణలు. ఇదివరకే విన్న కథ అయితే మరీ మంచిది, మధ్యలో కునుకు పట్టినా నష్టం లేదు. 10 నుంచి 15 నిమిషాల భాగాలు ఎంచుకోండి. నీళ్లు కూడా నిలవకుండా వాంతులవుతుంటే, మూత్రం చాలా తగ్గిపోతే, ఆ విషయం డాక్టరుకు చెప్పాలి.

చేతిపనుల్లో గర్భిణులు ప్రత్యేకంగా చూసుకోవాల్సినవి ఉన్నాయా?

ఉన్నాయి. చివరి నెలల్లో మణికట్టు దగ్గర వాపు నరాన్ని నొక్కి, బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కడం మామూలే. అల్లిక, కుట్టు, ఫోన్ ఆటలు దాన్ని పెంచుతాయి. 20 నిమిషాలకోసారి ఆపి వేళ్లు చాపి ముడవండి. లావు దారం, లావు సూదులు వాడితే పట్టు వదులుగా ఉంటుంది.

రంగులైతే నీటి రంగులు, రంగు పెన్సిళ్లు వాడండి. టర్పెంటైన్ లాంటి ద్రావకాలు, స్ప్రే రంగులు వద్దు. తోటపనికి చేతి తొడుగులు వేసుకోండి, పని కాగానే సబ్బుతో చేతులు కడుక్కోండి. మట్టిలో పిల్లుల మలం ద్వారా చేరే టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి కడుపులోని బిడ్డకు హాని చేయగలదు. బిడ్డ కోసం గది సర్దడం చాలామందికి ఇష్టమైన వ్యాపకమే, కానీ స్టూలెక్కి పై అరలు సర్దే పని ఇంకొకరికి వదిలేయండి. కడుపు పెరిగే కొద్దీ ఒంటి తూకం మారుతుంది, అడుగు తప్పడం తేలిక.

ఫోన్‌లో వీడియోలు చూస్తూ గంటలు గడిపేస్తాను. అదీ మనసు మళ్లించుకోవడమే కదా?

పైకి అలాగే ఉంటుంది. చూసే ముందు ఎంత గాబరా ఉంది, చూశాక ఎంత ఉంది అని పై కొలతతో వేసుకుని చూడండి. వేలితో జరుపుతూ పోయే వీడియోల్లో మీరు నిర్ణయించేది ఏమీ లేదు, ముగింపు కూడా లేదు. పైగా మీరు ఒకసారి గర్భ సమస్యల గురించి వెతికితే చాలు, మరుసటి రోజు నుంచి అవే వరసకడతాయి. అలాంటివి వచ్చినప్పుడల్లా "ఆసక్తి లేదు" అన్న మీట నొక్కండి, వెతికిన చరిత్ర చెరిపేయండి. వీడియోలే కావాలంటే ముగింపు ఉన్నదాన్ని, అంటే ఒక సినిమానో ఒక పాఠాన్నో ముందుగా ఎంచుకుని తెరవండి.

ప్రతి చిన్న లక్షణాన్నీ ఇంటర్నెట్‌లో వెతకడం మానలేకపోతున్నాను.

వెతికినప్పుడు దొరికే ఊరట పది నిమిషాలు ఉంటుంది. ఆ ఊరట రుచి మరిగి మనసు మళ్లీ అడుగుతుంది. ఒక్కసారిగా మానేయడం కష్టం, వాయిదా వేయడం సాధ్యం. వెతకాలనిపించిన ప్రశ్నను కాగితం మీద రాసి, 20 నిమిషాలకు అలారం పెట్టి, డబ్బాలోంచి ఒక పని తీయండి. అలారం మోగాక కూడా ప్రశ్న ముఖ్యమనిపిస్తే దాన్ని తర్వాతి పరీక్షనాడు డాక్టరును అడిగే జాబితాలోకి ఎక్కించండి. పైన చెప్పిన ప్రమాద లక్షణమైతే మాత్రం వాయిదా లేదు, వెతుకులాటా లేదు, నేరుగా ఫోనే.

ఇంట్లో బిడ్డ గుండె చప్పుడు వినే చిన్న డాప్లర్ పరికరాలదీ ఇదే కథ. చప్పుడు దొరక్కపోతే ప్రాణం పోయినంత పనవుతుంది. దొరికినా అది మీ నాడి చప్పుడో, మాయలో (ప్లాసెంటాలో) రక్తం పారే చప్పుడో కావచ్చు. అది విని ధైర్యం తెచ్చుకుని, కదలికలు తగ్గిన సంగతిని పట్టించుకోకపోతే ముప్పు. కొనకపోవడమే నయం.

ఒక్కసారిగా గాబరా ముంచుకొస్తే ఏం చేయాలి?

ఇలాంటి ఉధృతి సాధారణంగా 10 నిమిషాల్లోపే శిఖరానికి చేరి, తర్వాత దిగుతుంది. ఆ కాసేపు దాటడమే పని.

1. కూర్చోండి, లేదా పక్కకు తిరిగి పడుకోండి. 20 వారాలు దాటాక వెల్లకిలా పడుకుంటే గర్భసంచి బరువు పెద్ద రక్తనాళం మీద పడి కళ్లు తిరగవచ్చు. అది గాబరాను రెట్టింపు చేస్తుంది.
2. ముక్కుతో 4 అంకెలు లెక్కపెడుతూ గాలి పీల్చి, 6 అంకెలు లెక్కపెడుతూ నెమ్మదిగా వదలండి. నిమిషానికి సుమారు 6 ఊపిరులు వస్తాయి. గాలి బిగబట్టకండి. పెదవుల చుట్టూ, వేళ్ల చివర్లలో జివ్వుమంటుంటే మీరు అతిగా, వేగంగా పీలుస్తున్నారని అర్థం. పీల్చడం తగ్గించి, వదలడం పొడిగించండి.
3. రెండు మూడు నిమిషాల తర్వాత కనిపించేవి 5, తాకగలిగేవి 4, వినిపించేవి 3, వాసనలు 2, రుచి 1 పైకి పేర్లు చెప్పండి. "గోడ" అని వదిలేయకుండా "కింద పెచ్చు ఊడిన పచ్చ గోడ" అన్నంత వివరంగా చెప్పాలి. ఆ వివరమే మనసును పట్టుకుంటుంది.
4. తగ్గడం మొదలయ్యాక 100 నుంచి ఏడేసి తీసేస్తూ వెనక్కి లెక్కపెట్టండి: 93, 86, 79. తప్పు పోయినా ఫర్వాలేదు, లెక్క కోసం కాదు కదా.

చాలామంది మూడో మెట్టుతో మొదలుపెట్టి, ఊపిరి ఇంకా ఎగపోస్తుండగా వస్తువుల పేర్లు వల్లెవేస్తారు. అప్పుడు పనిచేయదు. ముందు ఊపిరి, తర్వాతే మాట.

రాత్రి మూడింటికి మెలకువ వస్తే ఇక నిద్ర పట్టదు. అప్పుడేం చేయాలి?

లైటు వేయకుండా, ఫోన్ తీయకుండా చేసే ఆట ఒకటుంది. ఏదో ఒక మాట అనుకోండి, ఉదాహరణకు "పడవలు". మొదటి అక్షరం "ప"తో మొదలయ్యే వస్తువులను ఒక్కొక్కటే తలుచుకుని, ఒక్కోదాన్ని కొన్ని క్షణాలు కళ్ల ముందు నిలపండి: పలక, పందిరి, పంజరం, పట్టాలు. మాటలు అయిపోతే "డ", తర్వాత "వ". ఒకదానితో ఒకటి సంబంధం లేని బొమ్మలు వరసగా వస్తుంటే దిగులు కథ అల్లుకోలేదు. చాలామంది మూడో అక్షరం దాకా వెళ్లరు.

20 నిమిషాలైనా నిద్ర రాదనిపిస్తే లేచి వేరే చోట మసక వెలుతురులో కూర్చుని, మడతలు పెట్టడం లాంటి పని చేసి, కళ్లు బరువెక్కాక తిరిగి రండి. మంచం మీదే దొర్లుతూ ఉంటే మంచానికీ దిగులుకూ ముడి పడిపోతుంది. 28 వారాల తర్వాత నిద్రపోయేటప్పుడు పక్కకు తిరిగి పడుకోవడమే సురక్షితం. మెలకువ వచ్చేసరికి వెల్లకిలా ఉంటే బెంగపడక్కర్లేదు, పక్కకు తిరగండి చాలు.

ఇలా ఎప్పుడూ మనసు మళ్లిస్తూ పోతే అసలు సమస్య నుంచి పారిపోయినట్టు కాదా?

అవుతుంది, తిరిగి రాకపోతే. అందుకే దిగులుకు కూడా రోజులో ఒక వేళ కేటాయించాలి. సాయంత్రం ఒకే సమయంలో, ఒకే కుర్చీలో, 20 నిమిషాలు. నిద్రకు కనీసం రెండు గంటల ముందు. పగలంతా వచ్చిన భయాలను ఒక్కో మాటగా రాసుకుని, ఆ వేళకు వాయిదా వేయండి. కూర్చున్నాక కాగితాన్ని రెండు వరసలుగా విడదీయండి: నేను చేయగలిగింది ఉన్నవి, లేనివి. "ఆసుపత్రికి అర్ధరాత్రి ఎలా వెళ్తాం" మొదటి వరసలోది, దానికి రేపు చేయాల్సిన పని ఒకటి రాయండి. "బిడ్డకు ఏమైనా అవుతుందేమో" రెండో వరసలోది, దాన్ని చదివి, భయంగా ఉందని ఒప్పుకుని, అలాగే వదిలేయండి. అలారం మోగగానే లేచి వెళ్లాలి. మొదటి వారం నవ్వులాటగా అనిపిస్తుంది. రెండో వారానికి, పొద్దున రాసుకున్న వాటిలో సగం సాయంత్రానికి చప్పబడి ఉండటం గమనిస్తారు.

పరీక్షలకు వెళ్లడం మానేసి, రిపోర్టులు తెరవకుండా వ్యాపకాల్లో మునిగితే అది పారిపోవడమే. కాన్పు అంటేనే ఒణికిపోయేంత భయం ఉన్నవారికి కూడా వ్యాపకం చాలదు, నిపుణులతో మాట్లాడాలి.

ఇంతకుముందు ఒకసారి గర్భం పోయింది. ఈసారి ఒక్కరోజు కూడా స్థిమితంగా ఉండలేకపోతున్నాను.

ఆ భయానికి కారణం ఉంది. దాన్ని తుడిచేయాలని చూడకండి. 40 వారాలను ఒకేసారి కాకుండా, ఈ పరీక్ష నుంచి వచ్చే పరీక్ష దాకా ఒక ముక్కగా చూసుకోండి. ఆ ముక్కకు సరిపోయే పని ఒకటి పెట్టుకోండి, ఒక చిన్న అల్లికో, ఒక నవలో. బిడ్డకు సంబంధించిన పనే కానవసరం లేదు, చాలామందికి కాకపోతేనే హాయి. స్కాన్ రోజున వేచి ఉండే గదిలోకి తోడు మనిషినీ, చెవుల్లో పెట్టుకుని వినేదాన్నీ తీసుకెళ్లండి. తెర చూస్తూ మౌనంగా ఉండవద్దనీ, గుండె చప్పుడు కనిపించగానే ముందు ఆ మాట చెప్పమనీ స్కాన్ చేసేవారిని అడగవచ్చు. పోయినసారి ఏ వారంలో జరిగిందో ఆ వారం మరీ బరువుగా గడుస్తుంది. ఆ రోజుల్లో ఒంటరిగా ఉండకుండా ముందే ఏర్పాటు చేసుకోండి.

నడక, పాటలు, వేడినీళ్ల స్నానం?

డాక్టరు వద్దనకపోతే నడక అన్నిటికంటే నమ్మదగింది. వారానికి మొత్తం 150 నిమిషాలు, మాట్లాడగలిగేంత వేగంతో. దారిలో ఎర్రటి వస్తువులు ఎన్ని కనిపిస్తాయో లెక్కపెడుతూ నడిస్తే మనసుకూ పని దొరుకుతుంది.

పాట వినడం కంటే కూనిరాగం తీయడం మెరుగు, ఊపిరి దానంతటదే పొడవుగా బయటికి వస్తుంది. ఏడో నెలకల్లా బిడ్డ బయటి శబ్దాలకు స్పందిస్తుంది. అలాగని పొట్టకు హెడ్‌ఫోన్లు ఆనించి గట్టిగా వినిపించవద్దు.

గోరువెచ్చని స్నానం మంచిదే. ఒంటి వేడి 39 డిగ్రీల సెల్సియస్‌కు చేర్చేంత వేడి నీళ్ల తొట్టెలు, ఆవిరి గదులు ముఖ్యంగా మొదటి మూడు నెలల్లో వద్దు. సువాసన నూనెలు, మూలికల కషాయాలు సహజమైనవన్నంత మాత్రాన సురక్షితం కావు, అడగకుండా వాడకండి.

నా గాబరా బిడ్డకు హాని చేస్తుందా?

రోజువారీ కంగారు, ఒకనాటి ఏడుపు, అప్పుడప్పుడూ వచ్చే దడ హాని చేయవు. నెలల తరబడి తీవ్రంగా ఉండి చికిత్స లేని ఆందోళనకు, నెలలు నిండకముందే కాన్పు కావడానికీ బిడ్డ తక్కువ బరువుతో పుట్టడానికీ కొంత సంబంధం కనిపించింది. చికిత్స తీసుకోవడానికి అదొక కారణం. మిమ్మల్ని మీరు నిందించుకోవడానికి కాదు.

ఇంట్లోవాళ్లు ఎలా సాయపడాలి?

"ఏమీ కాదులే, ఊరికే భయపడకు" అనడం మానాలి. ఆ మాటతో ఆమె భయం తగ్గదు, చెప్పడం తగ్గుతుంది. "ఇప్పుడు పదిలో ఎంత ఉంది?" అని అడగండి. 8 అంటే పక్కన కూర్చుని మీరు కూడా నెమ్మదిగా ఊపిరి తీయండి. 5 అంటే డబ్బా తెచ్చి, "ఈ ముక్కలు కలుపుదాం రా" అని మీరే మొదలుపెట్టండి. ఎవరి కాన్పు ఎంత కష్టమైందో ఆమె ముందు వర్ణించే చుట్టాలను మాట మళ్లించే బాధ్యత కూడా మీదే.

నొప్పులు మొదలయ్యాక కూడా ఇవి పనికొస్తాయా?

తొలి దశలో బాగా పనికొస్తాయి. గర్భాశయ ముఖద్వారం 5 సెంటీమీటర్ల దాకా తెరుచుకునే ఆ దశ, తొలి కాన్పులో ముఖ్యంగా, చాలా గంటలు సాగవచ్చు. ఆసుపత్రివారు ఇంట్లో ఉండమని చెప్పి ఉంటే ప్రతి నొప్పినీ లెక్కపెడుతూ కూర్చోకండి. కాసేపు నిమిషాలు చూసి రాసుకోండి, తర్వాత మామూలు పనిలో పడండి. నొప్పి వచ్చినప్పుడు మాట ఆగిపోతుంటే, చేతిలో పని పట్టుకోలేకపోతుంటే వ్యాపకాల పని అయిపోయినట్టే. ఇక ఊపిరి మీదకు రండి.

డాక్టరుకు ఎప్పుడు చెప్పాలి?

గత రెండు వారాలను తలుచుకుని రెండు ప్రశ్నలకు మార్కులు వేసుకోండి: కంగారుగా, ఉద్వేగంగా అనిపించిందా? ఆందోళనను ఆపుకోలేకపోయారా? అసలు లేకపోతే 0, కొన్ని రోజులు 1, సగానికి పైగా రోజులు 2, దాదాపు రోజూ అయితే 3. రెండూ కలిపి 3 గానీ అంతకు మించి గానీ వస్తే తర్వాతి పరీక్ష దాకా ఆగకుండా చెప్పండి. మార్కులు తక్కువైనా తిండి, నిద్ర, పని దెబ్బతింటుంటే చెప్పవలసిందే. ఆలోచనలను, అలవాట్లను మార్చే మాటల చికిత్స గర్భంలోనూ బాగా పనిచేస్తుంది. మిమ్మల్ని మీరు గాయపరచుకోవాలనిపిస్తే, బతకాలనిపించకపోతే, అదే గంటలో పక్కనున్నవారికి చెప్పి అత్యవసర విభాగానికి వెళ్లండి.

గర్భం రాకముందు నుంచే ఆందోళనకు మందులు వాడుతున్నాను. ఆపేసి వీటితో నెట్టుకురావచ్చా?

సొంతంగా ఆపవద్దు. ఒక్కసారిగా ఆపితే జబ్బు తిరగబెట్టవచ్చు, మందు మానినందువల్ల కలిగే కలత వేరే ఉంటుంది. కొన్ని మందులు గర్భంలో కొనసాగించవచ్చు, కొన్నిటిని మార్చాలి, కొన్నిటి మోతాదు నెమ్మదిగా తగ్గించాలి. ఏది ఏదో మందు రాసిన డాక్టరూ, మీ ప్రసూతి డాక్టరూ కలిసి చెప్పాలి. వాళ్లను కలిసేదాకా రోజూ వేసుకునేది వేసుకుంటూ, మందు పేరు, మోతాదు, ఎన్నాళ్లుగా వాడుతున్నారో ఒక కాగితం మీద రాసి దగ్గర పెట్టుకోండి.